ఏడంగుళాల ద్రోహం

ఉదయం ఎనిమిదిన్నర. మార్కాపురం బస్టాండు బయట చెరుకురసం బండి.

"పిల్ల నచ్చిందా అమ్మా?" అన్నాడు బండివాడు, చెరుకుగడను మిషన్‌లోకి తోస్తూ.

"చూపులకేం తెలుస్తుంది పెద్దాయనా? కాపురం చేస్తే గదా!" అంది ఫెబీ.

కోడ్ సరిపోయింది. ఏజెంట్ ఫెబీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమెకు పెళ్ళయి సరిగ్గా నలభై రోజులు. ఈ కోడ్ రాసినవాడెవడో కావాలనే రాశాడని ఆమె అనుమానం.

బండివాడి అసలు పేరు కాటమరాజు. టెలికాం సెక్యూరిటీ వింగ్ స్పెషల్ డైరెక్టర్. తలకు తువ్వాలు చుట్టుకుని, గడల మధ్య అల్లం ముక్క, నిమ్మచెక్క ఇరికించి మరీ రసం తీస్తున్నాడు. ఏ వేషం వేసినా ఆ పని నిజంగా నేర్చుకునే వేస్తాడాయన. గ్లాసు నిండా నురుగు చూసేసరికి ఫెబీకి ప్రాణం లేచొచ్చింది. దేశం ప్రమాదంలో ఉందని చెప్పేలోపే సగం తాగేసింది.

"టార్గెట్?"

"జెల్వా గ్రాండ్. కొత్త ఫోన్. ఏడంగుళాల స్క్రీన్. సోమవారం రిలీజైంది. ఇక్కడి జనం అప్పుడే పలక ఫోన్ అంటున్నారు."

"ఫోన్ మీద కేసేంది సార్?"

"దాని వెనక హార్పూన్ ఉంది."

ఫెబీ గ్లాసు కింద పెట్టింది. హార్పూన్ విదేశీ గూఢచారి ముఠా. మూడు దేశాల్లో కరెంటు గ్రిడ్లను ఒక్క పూటలో కూల్చిన చరిత్ర దానిది.

"మన సబ్‌స్టేషన్ ఇంజనీర్లందరికీ ఈ ఫోన్లు కొనాలని ఢిల్లీలో ఒక కమిటీ కూర్చుంది," అన్నాడు కాటమరాజు. "పాతిక వేల ఫోన్లు. గ్రిడ్ మ్యాపులన్నీ వాటిలోనే చూస్తారు. ల్యాబ్ రిపోర్టులు క్లీన్. కానీ ల్యాబ్‌కు ఫోన్లిచ్చింది కంపెనీయే. అందుకని చైర్మన్ షరతు పెట్టాడు. మామూలు దుకాణంలో కొన్న ఫోన్‌ని, ఎవరికీ లొంగని రివ్యూయర్ ఒకరు చూసి చెప్పాలి. అది లైవ్‌లో విన్నాకే సంతకం. ఈరోజు మధ్యాహ్నం పన్నెండుకు."

"ఎవరా రివ్యూయర్?"

"మన ఫైల్లో ఆమెకు పూచీపడింది నువ్వే."

అరుణ! డిగ్రీలో మూడేళ్ళు ఫెబీ రూమ్మేట్. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఆదెయ్య కూతురు. 'పలక టెస్ట్' అనే ఆమె చానల్‌ని తొమ్మిది లక్షల మంది చూస్తారు. కంపెనీలు పంపే ఫోన్లు ముట్టదు, దుకాణంలో కొంటుంది. ముప్పై రోజులు వాడనిదే మంచీ చెడూ చెప్పదు. ప్రతి వీడియోలోనూ ఫోన్ వీపు మీద వేలి కణుపుతో ఒక్కసారి తడుతుంది. చివర్లో వాళ్ళ నాయన తట్టి 'మోగింది' అంటేనే జనం కొంటారు. అదంతా పైకి. లోలోపల ఏడాదిగా హార్పూన్ కదలికల గురించి డిపార్ట్‌మెంట్‌కు సమాచారమిచ్చే రహస్య సోర్స్ కూడా ఆమే.

"ముప్పై రోజుల దాకా నోరు విప్పని మనిషి నాలుగో రోజుకే లైవ్ అంటోంది. ఎందుకు?" కాటమరాజు ఫోన్‌లో టీజర్ చూపించాడు. కంభం చెరువు కట్ట. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, గాలికి ఎగిరే జుట్టు. 'ఫస్ట్ ఇంప్రెషన్స్! దేశంలో అందరికంటే ముందు! గిద్దలూరులో నేనే కొన్న ఫోన్!' అని నవ్వి, వేలితో తట్టింది అరుణ.

ఖణ్!

"ఆమె మోసపోయిందా, మనల్ని మోసం చేస్తోందా? పన్నెండు లోపల తేల్చు."

"మోసపోయి ఉంటది సార్," అంది ఫెబీ వెంటనే. పెళ్ళిలో అందరూ ఆహా ఓహో అంటుంటే, 'చీర బాగుందే, జాకెట్ కుట్టినోడే చెడగొట్టినాడు' అన్నది ఒక్క అరుణే. ఆ మాటకు ఫెబీ ఎంత నవ్వుకుందో! అట్లాంటి మనిషి అబద్ధం చెబుతుందా?

కాటమరాజు ఒక బలపం ఆమె చేతిలో పెట్టాడు. "సిగ్నల్ స్కానర్. దొంగ ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే ఎర్రగా వెలుగుతుంది. వెళ్ళు."

*

తొమ్మిదిన్నరకు పలకల ఫ్యాక్టరీ రేకుల షెడ్డు ముందు జీపు ఆగింది. డ్రైవర్ సీట్లో ఏజెంట్ స్టీఫెన్. నిన్న సాయంత్రమే గిద్దలూరు పోయి, అరుణ కొన్నానని చెప్పిన దుకాణంలోనే, ఆ డబ్బాల వరసలోంచే ఇంకో జెల్వా గ్రాండ్ కొనుక్కొచ్చాడు. తెరవగానే ఫెబీ మనసు ఒక్క క్షణం గంతులేసింది. ఎంత పెద్ద బొమ్మ! ఎన్ని రంగులు! వెంటనే బలపం ఆనించింది.

ఎరుపు లేదు.

"క్లీన్ ఫెబమ్మా," అన్నాడు స్టీఫెన్.

"లేకపోతే నిద్ర నటిస్తా ఉంది అన్నా."

షెడ్డులో బూడిదరంగు దుమ్ము. ఆదెయ్య గోనెపట్టా మీద కూర్చుని పలకలు తడుతున్నాడు. కణుపుతో ఒక్క దెబ్బ. మోగినవి కుడిపక్కకు, మోగనివి ఎడమపక్కకు. నలభై ఏళ్ళుగా ఆయనకదే పని.

"ఎవురూ, ఫెబమ్మేనా! పెళ్ళికూతురికి పలకల ఫ్యాక్టరీలో ఏం పనమ్మా?"

"నిన్ను చూసిపోదామని చిన్నాయనా. ఇదిగో, అరుణ కొన్నదే నేనూ కొన్నా. ఎట్లుందో చెప్పు."

ఆయన చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. వీపు మీద తట్టాడు. డప్! ముఖం చిట్లించి ఇంకోసారి తట్టాడు.

"లోపల పొర ఉందమ్మా. రెండు పొరల నడుమ ఏందో ఇరుక్కుంది. పలకైతే ఎడమపక్క పడేద్దును."

ఫెబీ టీజర్ పెట్టింది. ఖణ్! ఆదెయ్య చెవి దగ్గరకు పెట్టుకుని నాలుగుసార్లు విన్నాడు.

"అమ్మాయి చేతిలోది వేరేదిలే. ఇదీ అదీ ఒక బేరం సరుకు కాదు."

స్టీఫెన్, ఫెబీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రివ్యూకు ఒక రకం, అమ్మకానికి ఇంకో రకం! దుకాణంలో కొన్నానని అరుణ చూపిస్తున్నది దుకాణం ఫోనే కాదు. విప్పించి చూసే టైము లేదు, ముసలాయన చెవే రుజువంటే ఢిల్లీ ఒప్పుకోదు.

"ఎవరో మార్చేసి ఉంటారు చిన్నాయనా. అరుణకు తెలిసుండదు," అంది ఫెబీ. తనకు తాను చెప్పుకున్నట్టుంది ఆ మాట.

ఆదెయ్య పకపకా నవ్వాడు. "తెలియకుండా ఎట్లుంటది? కొన్నప్పుడు తట్టి ఉంటది గదా! దాని చెవి నా చెవి కంటే పదునమ్మా. ఎనిమిదేళ్ళప్పుడే నేను కుడిపక్క పెట్టిన పలకలు ఏరి ఎడమపక్క వేసేది. 'నాయనా, నీకు చెముడొచ్చింది' అని ఎగతాళి చేసేది!"

కూతురి గురించి అంత మురిసిపోతూ చెబుతున్నాడాయన.  అరుణ వింది. విని కూడా నవ్వింది.

"ఆ లైవంట, నేనెప్పుడూ చూడలేదు. ఈసారి నన్ను రావద్దనింది, ఎండ అని. మీరు కంభం పోతా ఉంటే నన్నూ ఎక్కించుకుంటారా?"

 ఎండ కాదు కారణం. ఆ సంగతి ఇప్పుడామెకు బాగా తెలుసు.

"ఎక్కు చిన్నాయనా," అంది.

*

పదకొండూ నలభై. కంభం చెరువు కట్ట మీద తెల్లటి షామియానా, రెండు కెమెరాలు, పెద్ద ఎల్ఈడీ తెర. ఎదురుగా రెండు వందల కుర్చీలు. మైకు పట్టుకుని నీలం కోటులో తిరుగుతున్నవాడు ప్రకాష్, జెల్వా బ్రాండ్ మేనేజర్. డిపార్ట్‌మెంట్ దగ్గరున్న హార్పూన్ మనుషుల లిస్టులో అతని పేరు వేరే.

ముఖానికి మాస్కు, చేతిలో పౌడర్ డబ్బాతో టచప్ అమ్మాయి వేషంలో ఫెబీ అరుణ వెనక చేరింది. బల్ల మీద రివ్యూ ఫోన్ ఉంది. పౌడర్ బ్రష్ ఒక్కసారి అటునుంచి ఇటు తిరిగింది. రివ్యూ ఫోన్ పౌడర్ డబ్బాలోకి పోయింది. దాని చోట గిద్దలూరు దుకాణం ఫోన్ కూర్చుంది.

"గాజులు తీసి రావాల్సిందే," అంది అరుణ, తల తిప్పకుండా. "పెళ్ళికూతురి గాజులు వేసుకుని టచప్ చేసే పిల్ల ఎక్కడన్నా ఉంటదా?"

ఫెబీ బ్రష్ ఆపింది. ఆ గాజులు తీయడానికి పొద్దున మనసొప్పలేదు.

"మైకు ఆఫ్‌లో ఉంది. చెప్పు అరుణా. వాళ్ళు నిన్ను బెదిరించినారా?"

"లేదు."

"మరేంది?"

"నెల రోజులు వాడి నిజం చెప్తానే ఫెబీ. ఆలోపల ఎవడో మొదటి రోజే ఆహా ఓహో అంటాడు. జనం కొనేస్తారు. ఆ తర్వాత నా వీడియోకు వచ్చి, ముందే ఎందుకు చెప్పలేదని నన్నే తిడతారు! ఆరేళ్ళు అట్లనే చేసినా. ఒక్కసారి, అందరికంటే ముందు నేను. మిగతావాళ్ళ నోళ్ళు కట్టేసి వాళ్ళు అదిచ్చినారు."

"మాకు చెప్పిన సమాచారం?"

"సగం నిజమే. వాళ్ళు చెప్పమన్న సగం."

ఏడాదిగా ఫెబీ సంతకం పెట్టి పైకి పంపిన రిపోర్టులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని చదువుకున్న రోజులు కూడా.

"పోయి చెప్పుకో," అంది అరుణ మెల్లగా. "నా పూచీ నీదే. నేను పడితే నువ్వూ పడతావు."

వెనక నుంచి ఏదో నడుముకు గుచ్చుకుంది. ప్రకాష్ చేతిలో మైకు. దాని మూతిలో సన్నటి తుపాకి గొట్టం. "మేడమ్, ముందు వరసలో కూర్చోండి. చప్పట్లు కొట్టండి, చాలు."

ఫెబీ కూర్చుంది. అతను పక్కనే నిలబడ్డాడు.

*

పదకొండూ యాభై ఆరు. లైవ్ మొదలైంది. తెర మూలన చూసేవాళ్ళ లెక్క పరుగెడుతోంది. మూడు లక్షలు. నాలుగు. ఢిల్లీలో చైర్మన్ కలం మూత తీశాడని ఫెబీ చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లోంచి కాటమరాజు గొంతు చెప్పింది.

"స్క్రీన్ అద్భుతం. బ్యాటరీ అద్భుతం. నేను దుకాణంలో కొన్న ఫోనే ఇది," అంటోంది అరుణ. "ఇక, మన పలక టెస్ట్!"

కణుపుతో తట్టింది.

డప్.

అరుణ వేలు గాల్లో ఆగింది. అర సెకను. నల్ల కళ్ళద్దాల్లోంచే ఫెబీ వైపు చూసింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందు ఎవరికీ దొరకదు. చెప్పు, అరుణా, చెప్పు! అని ఫెబీ లోలోపల ప్రార్థించింది.

"విన్నారా? రాయి లాగా గట్టి ఫోన్!" అని నవ్వింది అరుణ. "కళ్ళు మూసుకుని కొనండి."

ఫెబీలో ఏదో చల్లారిపోయింది. పదకొండూ యాభై తొమ్మిది. చెవిలో కాటమరాజు: "సంతకం పెడుతున్నాడు ఫెబీ!"

మూడో వరసలోంచి ఒక ముసలి గొంతు లేచింది.

"అమ్మీ! ఏందే అది? పగులు పలక గదే! ఎడమపక్క పెట్టు!"

కెమెరా అలవాటుకొద్దీ అటు తిరిగింది. తొమ్మిది లక్షల మందికి తెలిసిన ముఖమే. తువ్వాలు నడుముకు చుట్టుకుని, స్టీఫెన్ పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు ఆదెయ్య. "ఇంకోసారి తట్టు, నువ్వే విను! పొద్దున ఫెబమ్మ తెచ్చినదీ ఇట్లనే మోగింది. లోపల ఏందో ఉంది తల్లీ, జనానికి అట్ల చెప్పబాక!"

తెర మీద కామెంట్లు వరద లాగా వచ్చిపడ్డాయి. 'నాయన మోగలేదన్నాడు!' 'విప్పి చూపించండి!' 'బుకింగ్ క్యాన్సిల్!'

చెవిలో కాటమరాజు నిట్టూర్పు. "ఆగింది. పేరులో మొదటి అక్షరం దగ్గర ఆగింది."

ప్రకాష్ మైకు ఎత్తాడు. ఫెబీ మోచెయ్యి అతని మణికట్టును తాకింది. గుండు షామియానాలో చిల్లు పెట్టుకుని ఆకాశంలోకి పోయింది. పారిపోబోతున్నవాడి కాళ్ళకు స్టీఫెన్ కెమెరా స్టాండు అడ్డం పెట్టాడు. నీలం కోటు కట్ట రాళ్ళ మీదుగా దొర్లి చెరువు నీళ్ళలో తేలింది. లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. లెక్క పదకొండు లక్షలు దాటింది. అరుణ వీడియోను ఒకేసారి అంతమంది ఎప్పుడూ చూడలేదు.

ఆదెయ్య మెల్లగా ముందుకొచ్చాడు. డిపార్ట్‌మెంట్ మనుషులు పరుగెడుతున్నారు, ఎవరినో కట్టేస్తున్నారు, కూతురి చేతులకు బేడీలు. ఆయనకేమీ అర్థం కాలేదు.

"నేనేమన్నా తప్పు మాట్లాడినానా అమ్మీ?"

అరుణ కళ్ళద్దాలు తీసింది. "లేదు నాయనా. సరిగ్గానే విన్నావు."

తరువాత ఫెబీ వైపు తిరిగింది. "ఆయన్ని నువ్వు తెచ్చినావా?"

"ఆయనే వస్తానన్నాడు."

"నువ్వు వద్దనలేదు."

"లేదు," అంది ఫెబీ. "అనలేదు."

స్టీఫెన్ అరుణను జీపెక్కించాడు. జీపు తలుపు పడింది.

*

మూడింటికి మార్కాపురం ఆఫీసు. విప్పిన జెల్వా గ్రాండ్ బల్ల మీద ఉంది. వెనక రేకు కింద గోరంత మందంతో రెండో బోర్డు, దూరం నుంచి ఎవరో ఆజ్ఞ ఇస్తే తప్ప మేలుకోనిది. పాతిక వేల ఫోన్ల ఆర్డరు రద్దయింది. ఫెబీ పూచీ మీద ఎంక్వైరీ వేశారు.

రిపోర్టు నింపుతూ ఆమె చివరి గడి దగ్గర ఆగిపోయింది. స్టీఫెన్ భుజం మీదుగా తొంగిచూశాడు.

"అది నింపందే సిస్టమ్ ముందుకు పోదు ఫెబమ్మా."

తెర మీద ప్రశ్న అట్లాగే మెరుస్తోంది: 'ఈ సోర్సును మీరు ఇతరులకు సిఫారసు చేస్తారా?'

ఫెబీ కళ్ళు తుడుచుకుని టైప్ చేసింది: "శత్రువులకు తప్పకుండా."