వరాలమ్మ చేతివంట

వంటింటి గడప మీద కూర్చుని సత్యదుర్గ తను రాసిన కథ ఫోనులోంచి పైకి చదువుతోంది. లోపల వదిన గంగాభవాని మూకుడులో దిబ్బరొట్టె వేసి మూత పెట్టింది. ఏడో నెల కావడంతో కింద కూర్చోలేక పీట వేసుకుంది. అమ్మ చిన్నమ్మలు ఎండురొయ్యల తలలు గిల్లుతూ ఊ కొడుతోంది.

సత్యదుర్గ మలికిపురంలో ఇంటర్ చదువుతోంది. కథల యాప్‌లో ఆమె రాస్తున్న వరాలమ్మ సీరియల్ కోసం కాలేజీలో పిల్లలంతా ఎదురుచూస్తారు. వరాలమ్మ నిజంగా ఉన్న మనిషే. వాళ్ల తాతల కాలంలో గోదావరి లంకలో పడవవాళ్లకి పూటకూళ్లు పెట్టేది. పులుసులో విషం కలిపి మనుషుల్ని చంపిందని జైల్లో వేశారు. అక్కడే పోయింది. మారాం చేసే పిల్లల్ని ఆమె పేరు చెప్పి భయపెట్టడం ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉంది.

"వరాలమ్మ పోయినా ఆ విషం పోలేదు," సత్యదుర్గ గొంతు తగ్గించి చదివింది. "అది కూతురి చేతిలోకి, మనవరాలి చేతిలోకి దిగింది. ఆ వంశంలో ఏ ఆడది అన్నం కలిపినా..."

"చాల్లేవే, ఒళ్లు జలదరిస్తంది," అంది చిన్నమ్మలు సంబరంగా. "ఇదంతా నిజమేనా?"

"ఇద్దర్ని చంపిందంటారు. నేను తొమ్మిదిమందిని చేశాను. వంశం సంగతి నా కల్పనే. భయం ఉండాలి కదమ్మా."

మాడు వాసన వచ్చింది. భవాని మూత తీయడం మరిచిపోయి గోడకేసి చూస్తోంది.

ఆ వారంలోనే పక్కింటి వీరవేణి భవాని పుట్టింటివాళ్ల ఊరు మురమళ్లలో పెళ్లికి వెళ్లొచ్చి, చీర కూడా మార్చుకోకుండా వీళ్లింటికి వచ్చింది.

"ఏవండీ వదినగారూ, ఆ వరాలమ్మ మీ కోడలికి అమ్మమ్మ తల్లంటండి. అందుకే ఆళ్లు ఇక్కణ్ణించి మురమళ్ల ఎళ్లిపోయేరంట. మీకు చెప్పలేదాండి?"

చిన్నమ్మలు ఆ మధ్యాహ్నం కోడలు వడ్డించిన కంచం ముందు కూర్చుని, కడుపులో బాగోలేదని లేచిపోయింది. మర్నాటినుంచి తన అన్నం తనే వేరే గిన్నెలో వండుకుంది. నాన్న నరసింహమూర్తి మెతకమనిషి. ఎవర్నీ నొప్పించలేక, రొయ్యల చెరువు దగ్గర పనుందంటూ భోజనం అక్కడే కానిచ్చేవాడు. భవాని వండింది భవాని, సత్యదుర్గ మాత్రమే తినేవారు. మిగిలింది భవాని తనే తీసుకెళ్లి పారబోసేది.

"అది నేను కల్పించిందమ్మా," అని సత్యదుర్గ తల్లితో పోట్లాడింది. "నా బుర్రలోంచి వచ్చింది."

"నీ బుర్రలోకి ఎలా వచ్చిందే? అమ్మవారు రాయించింది నీచేత. మనల్ని కాపాడ్డానికి."



ఆ ఆదివారం పొద్దున్న చిన్నమ్మలు తన గిన్నె కడుక్కుంటుంటే భవాని ఎదురుగా వచ్చి నిలబడింది.

"అత్తయ్యగారూ, రెండేళ్లు నా చేతివంటే తిన్నారు కదండీ. ఒక్కనాడైనా మీకేమైనా అయ్యిందాండి?"

"నువ్వెందుకు దాచేవు?"

"చెప్తే చేసుకునేవారాండి?"

"చేసుకునేవాళ్లం కాదు."

"ఆయ్. అందుకేనండి." భవాని గొంతు పెంచలేదు. "ఆవిడ చంపిందండి. కాదనను. మా అమ్మమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఊళ్లో ఎవరూ ఆ పిల్ల చేతి మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదంట. మా అమ్మయితే నాకసలు వంటే నేర్పనందండి. నేనే ఇష్టపడి నేర్చుకున్నాను."

చిన్నమ్మలు ఆమె కడుపు వైపు చూసింది. "రేపు ఆ బిడ్డకి పాలిచ్చేది నువ్వే కదా. నా భయం అదీ."

భవాని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సత్యదుర్గ వెనకాలే వెళ్లింది గాని, వదిన తలుపు వేసేసుకుంది.

సాయంత్రం కువైట్‌నుంచి అన్నయ్య నాగేంద్ర ఫోన్ చేశాడు. తల్లితో చాలాసేపు, భార్యతో కాసేపు మాట్లాడాడు. "అమ్మ మనసు కుదుటపడేదాకా మురమళ్లలో ఉండు భవానీ. ఎలాగూ పురిటికి వెళ్లాలి కదా," అన్నాడు. సూడిదలు లేవు, గాజులు లేవు. భవాని ఒక్కతే ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సత్యదుర్గ యాప్‌లోంచి కథ తీసేసింది. అప్పటికే ఎవరో దాన్ని గొంతు మార్చి చదివి, వెనక భయంకరమైన సంగీతం పెట్టి పంచేశారు. కాలేజీలో ఒకమ్మాయి మెల్లగా అడిగింది. "వరాలమ్మ మునిమనవరాలు మీ ఇంట్లోనే ఉంటదంట కదా? మీరెలా తిన్నారే?"

నెల దాటాక సత్యదుర్గ ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి మురమళ్ల వెళ్లింది. భవాని తల్లి పనికి వెళ్లింది. భవాని తలుపు తీసి, కాస్త పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"అత్తయ్యగారు రమ్మన్నారా?"

సత్యదుర్గ తల అడ్డంగా ఊపింది. "కథ తీసేశాను వదినా. నన్ను తిట్టు."

"నిన్ను తిట్టి ఏం చేసుకోను? నువ్వు రాయకముందూ ఉంది ఇది. ఎప్పుడనగా బయల్దేరేవో. కూర్చో, అన్నం తిందువుగాని."

భవాని ఆయాసపడుతూనే రొయ్యల ఇగురు వేడిచేసి, కంచం తెచ్చి ముందు పెట్టింది. ఆకలి నకనకలాడుతోంది. సత్యదుర్గ అన్నంలో ఇగురు కలిపి ముద్ద ఎత్తింది. నోటిదాకా వచ్చి చెయ్యి ఆగింది.

రెప్పపాటే. అమ్మను తిట్టినమ్మాయి, అదంతా అబద్ధమని అందరికంటే బాగా తెలిసినమ్మాయి, తన చెయ్యి ఆగడం తనే చూసింది. తలెత్తితే వదిన కూడా చూస్తోంది.

"వదినా, నేను..."

భవాని కంచం తనవైపు లాక్కుని, అందులోంచే ఒక ముద్ద తీసుకుని తింది. బాగా నమిలి, మింగి, కంచాన్ని మళ్లీ ముందుకు జరిపింది.

"ఇప్పుడు తిను."

సత్యదుర్గ వెక్కుతూ తింది. కంచంలో మెతుకు లేకుండా తింది. భవాని నడుం పట్టుకుని ఎదురుగా కూర్చుని, గ్లాసులో నీళ్లు పోసి, వాటిలోంచీ ముందు ఒక గుక్క తాగి ఇచ్చింది.

"ఆడపిల్లయితే మట్టుకు, మాటలొచ్చేలోగా ఇదే నేర్పాలి దానికి," అంది. "ఎవరికైనా పెట్టేముందు తను తిని చూపించడం."