కొండతెర పువ్వు మడి

పాలు పొంగి పొయ్యి మీద పడ్డా నూర్‌బిబి చూసుకోలేదు. ఆమె కళ్ళు కిటికీ అవతలి మడి మీదే ఉన్నాయి. కిందటి చలికాలానికి ముందు కోడలు అక్మరాల్ ఆ మడిలో కొండతెర పువ్వు గింజలు నాటింది. మంచు కరిగింది, పక్కనే బంగాళాదుంప మొక్కలు ఏపుగా లేచాయి. ఈ మడిలో మాత్రం పచ్చటి చుక్క లేదు.

"ఇంకా దాన్నే చూస్తున్నావా అమ్మా?" రొట్టె నములుతూ కొడుకు దౌరెన్ నవ్వాడు. "నీ కోడలు గింజలు నాటిందో, గులకరాళ్ళు నాటిందో!"

"నీ వెటకారం చాల్లేగానీ, టీ చల్లారిపోతోంది తాగు."

అరవయ్యారేళ్ళ నూర్‌బిబికి ఒక్కచోట కుదురుగా కూర్చోవడం తెలియదు. నలభై ఏళ్ళుగా ఏటా కొండెక్కి, ఎర్రగా పూసే ఆ కొండతెర మొక్కల వేళ్ళు తవ్వుకొచ్చేది. చుట్టుపక్కల నిద్రపట్టని వాళ్ళందరూ ఆ వేరు కోసం ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. నిరుడు కొండ మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి కొండ మాటెత్తితే కోడలు ఒప్పుకోదు. "పెరట్లోనే పెంచుకుందాం అత్తయ్యా" అంటుంది. ఆ మాట వింటే నూర్‌బిబికి ఒళ్ళు మండిపోతుంది. పెరట్లోనే మొలిస్తే ఇక తనతో ఎవరికి పని? మూలన కూర్చోబెట్టి ఇంత టీ పోస్తారు, అంతే.

కొడుకు గొర్రెల వెనక, కోడలు పాల కేంద్రానికి వెళ్ళారు. నూర్‌బిబి పెరడంతా మూడుసార్లు తిరిగింది. కూర్చుంది, లేచింది. చివరికి పార అందుకుంది.

అక్మరాల్ ఖాళీ క్యాన్లతో గేటు తీసేసరికి సగం మడి తిరగబడి ఉంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"ముల్లంగి వేస్తున్నా. నీ పువ్వు ఇక రాదమ్మాయ్."

"ఈ ఏడు పైకి రాదని చెప్పాను కదా! ముందు లోపల వేరు పోసుకుంటుంది. ఇంకో చలికాలం గడిస్తేనే ఆకు."

"నన్ను ఇంట్లో కట్టిపడెయ్యడానికి భలే కథ అల్లావే! నా కాళ్ళు విరగ్గొట్టింది కొండ కాదు, నువ్వు!"

అక్మరాల్ క్యాన్లు కింద పడేసింది.

"అయితే రేపే ఎక్కండి కొండ! ఆ రోజు మీరెలా ఉన్నారో మీకేం తెలుసు? మిమ్మల్ని వీపున వేసుకుని దిగాను. దారి పొడుగునా పిలిచాను, మీరు పలకలేదు. వాగు దగ్గర దించి ముక్కు దగ్గర వేలు పెడితే, చలికి నా చేతులు కొంకర్లుపోయి ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు. మా అమ్మ నా ఆరో ఏటే పోయింది. ఇంకో అమ్మను పోగొట్టుకోవడం నావల్ల కాదు అత్తయ్యా."

నూర్‌బిబి పార నేలకి దించింది. "బండిలో తెచ్చామని దౌరెన్ చెప్పాడే..."

"నేనే అలా చెప్పమన్నాను. మీరు చిన్నబుచ్చుకుంటారని."

ముసలామె విరిగిన మోకాలు మడిచి, పళ్ళ బిగువున నేల మీద కూర్చుంది. మట్టి చిదిపి చూసింది. నల్లగింజ ఒకటి పగిలి, దాన్లోంచి తెల్లటి వేరు వేలెడు పొడుగున దిగి ఉంది. పక్కదాన్ని పార రెండుగా కోసేసింది. ఆమె కళ్ళు నిండాయి.

"చంపేశాను కదే!"

"అన్నీ చావలేదు. లేవండి, నేను ఏరతాను."

ఆమె లేవలేదు. ఇద్దరూ ఏరితే బతికినవి పంతొమ్మిది దొరికాయి. అక్మరాల్ మళ్ళీ అదే మడిలో గుంట తీయబోతుంటే నూర్‌బిబి చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడొద్దు. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. కొండ మీద ఇవి వాలులోనే ఉంటాయి, చెట్ల నీడ అంచున. ఆ కంచె పక్కన ఎత్తుగా మట్టి పోసి, ఆకుల ఎరువు కలుపు."

"ఈ సంగతి అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగావా?"

"అడగాల్సింది. తప్పు నాదే."

రెండు వేళ్ళ లోతున ఒక్కొక్కటే పెట్టి మట్టి కప్పారు.

"పూసేదెప్పుడు?"

"ఇంకో నాలుగైదేళ్ళకి."

"నాకు డెబ్బై దాటుతాయే."

"దాటనివ్వండి. మీరు లేకపోతే నాకు ఎవరు చెప్తారు?"

నూర్‌బిబి మట్టి చెయ్యి కోడలి వీపు మీద వేసి మెల్లగా నిమిరింది.

"బాగా నొప్పెట్టిందా, ఆ రోజు?"

"మీరేమైనా తేలికా అత్తయ్యా!" అంది అక్మరాల్, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.