అగ్నేసమ్మ చెప్పని కథ

జూన్ వాన జోరుగా పడుతుండగా కతోలిక గుడి వరండాలో గడ్డి చుట్టిన స్వరూపాన్ని విప్పి నిలబెట్టాడు జోజి. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కించి, అరకు లోయ దాకా జాగ్రత్తగా తెచ్చిన టేకు బొమ్మ అది. ఎక్కడా గీత పడలేదు. తన చేతిపని మీద అతనికి ఏనాడూ అనుమానం లేదు.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి బొమ్మను తల నుంచి పాదాల దాకా చూసింది. ఆ తర్వాత అతన్నీ అలాగే చూసింది.

"ఈయనెవరు?"

"పునీత అంతోనివారు. రేపు ఆరి పండగే గదా!"

"అంతోనివారికి గెడ్డం ఏటి?"

జోజి తడబడలేదు. "పునీతులకి గెడ్డముంటేనే నిండుగా ఉంటాది."

"నీ పేరేటి మేస్త్రీ?"

"జోజి."

"అదీ సంగతి! సేతిలో బాలయేసు, లిల్లీ పూలు, మొహం నిండా గెడ్డం. యేసుని పెంచిన జోజప్పగారు ఇలగుంటారు. నీ పేరుగల పునీతుణ్ణి సెక్కుకుని వచ్చీసినావు."

గుడి ఊడుస్తున్న సోములమ్మ చీపురు వదిలేసి పకపకా నవ్వింది. జోజి చెవులు ఎర్రబడ్డాయి. ఈ అమ్మాయి జపాలు నేర్పే ఉపదేశి రాయప్పగారి కూతురనీ, పేరు అగ్నేసమ్మ అనీ, పండగలకు పునీతుల జీవితాలు చెప్పేది ఈమేననీ సోములమ్మే చెప్పింది.

"తీసీత్తానులే," అని ఉలి అందుకున్నాడు జోజి. "ఆ గెడ్డం కింద ఎలాటి మొహం ఉండాలో సెప్పు."

"మొహం తెలాలంటే బతుకు తెలాలి," అంటూ ఆమె మెట్టు మీద కూర్చుంది.

చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఊరి జనం వినకపోతే అంతోనివారు సముద్రపొడ్డుకు వెళ్ళి చేపలకు ప్రసంగం చేసిన కథ చెప్పింది అగ్నేసమ్మ. చేపలు తలలు పైకెత్తి విన్నాయట. ఆమె చెయ్యి ఎత్తి చేపలా ఆడించి చూపిస్తుంటే జోజి ఉలి ఆగిపోయింది.

"పని సెయ్యి మేస్త్రీ. నువ్వు సేపవి కావు!"

పొద్దున్న పూజకు అంతోనివారు నున్నటి చెంపలతో, చిరునవ్వుతో నిలబడ్డాడు. ఆయన పాదాల దగ్గర, ఎవరూ అడగని రెండు చేపలు తలలెత్తి ఉన్నాయి. అగ్నేసమ్మ వాటిని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుడికి ఇంకా స్వరూపాలు కావాలన్నారు పాదిరిగారు. ఆ పని కోసం జోజి కొండ మీదే మకాం పెట్టాడు. జూలైలో అన్నమ్మగారు, డిసెంబరులో సవేరియారు. ప్రతి స్వరూపానికీ ముందు అగ్నేసమ్మ కథ చెప్పాలి, అతను వినాలి. ఒకసారి విన్న కథే మళ్ళీ అడిగేవాడు.

"నిన్ననే గదా సెప్పినాను?"

"ముక్కు దగ్గర అనుమానమొచ్చింది."

"కథలో ముక్కెక్కడుంది?" అని కసిరేది గాని, చెప్పేది.

జనవరి వచ్చింది. మంచులో వలిసె చేలు చివరి పసుపు పూలతో వణుకుతున్నాయి. పునీత అగ్నేసు పండగ ముందునాటి మధ్యాహ్నం జోజి ధైర్యంగా అనేశాడు. "రేపు పండగయ్యాక మీ అయ్యతో ఒక మాట మాటాడతాను."

"ఏ మాట?"

"నీకు తెల్దేటి?"

అగ్నేసమ్మ అతని వైపు ఒక్క చూపు చూసి, పూల బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గుడి ముందు కథ చెప్పింది. రోము నగరంలో అగ్నేసు అనే చిన్నపిల్ల ఉండేది. అధికారి కొడుకు నగలు తెచ్చి పెళ్ళాడమన్నాడు. 'నేను ముందే క్రీస్తుకు మాటిచ్చాను' అంది అగ్నేసు. ప్రాణం పోయినా ఆ మాట తప్పలేదు.

పక్కన సోములమ్మ గుసగుసలాడింది. "విశాఖపట్నం మఠం నుంచి సిస్టర్లు మన అగ్నేసమ్మ గుంట కోసమే వత్తన్నారట."

ఇదే నా మాటకు జవాబు అనుకున్నాడు జోజి. దేవుడికి మాటిచ్చిన పిల్లను అడిగేదేముంది? పండగ పూజ కాగానే పనిముట్లు సంచిలో వేసుకుని ఘాటీ దారి పట్టాడు.

ఊరి చివర గెడ్డ వాగు దాటబోతుండగా వెనక నుంచి కేక వినిపించింది.

"మేస్త్రీ! ఎక్కడికెల్లిపోతన్నావు?"

అగ్నేసమ్మ రొప్పుతూ వచ్చి ఎదురు నిలబడింది. చీర కుచ్చిళ్ళు మంచుకు తడిసిపోయాయి.

"మా అయ్యతో మాటాడతానన్నావు?"

"నిన్న కథ విన్నాను గదా. నువ్వు మఠానికెల్తన్నావు. అడ్డు రాకూడదని..."

"నాను సెప్పింది అగ్నేసు కథ. నా కథ నువ్వు అడిగినావేటి?"

జోజి భుజం మీది సంచి కింద పెట్టాడు.

"సిస్టర్లు ఇక్కడ ఆడపిల్లలకి బడి పెడతారు. నన్ను పంతులమ్మగా ఉండమన్నారు, ఉంటానన్నాను. కొండ దిగను. నీకు శృంగవరపుకోటలో కొట్టుంది, మీ అమ్మ ఉంది. రాగలవో లేదో బాగా ఆలోసించుకుని సెప్పు."

జోజి కింద దారి వైపు చూశాడు. తండ్రి పెట్టిన కొట్టు అది. అక్కడ అతని పనికి పేరుంది. ఇటు తిరిగి ఆమె కళ్ళలోకి చూశాడు.

"టేకు కొండ మీదే ఉంది. కొట్టు ఇక్కడే పెడతాను. అమ్మని బండెక్కించి తెత్తాను."

"మరింకేటి? బేగి రా. అయ్య ఎదురుసూత్తన్నాడు."

"ఆయనకి తెలుసా?"

"నిన్న నువ్వన్న మాట రాత్రే సెప్పీసినాను!"

రాయప్పగారు ఇంటి అరుగు మీదే ఉన్నారు. జోజి చెప్పిందంతా విన్నారు. "మా పిల్ల మాట నెగ్గించుకునే రకం. తర్వాత నాతో సెప్పుకోడానికి రాకు బాబూ," అని ఇద్దరి నుదుటి మీదా సిలువ గుర్తు వేశారు. పెళ్ళిళ్ళు జరగని తపస్సుకాలం రాకముందే పెళ్ళన్నారు.

ఆదివారం గుడిలో పాదిరిగారు పెళ్ళి చాటింపు చదివారు. "ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి," అన్నారు తన దొర తెలుగులో.

సోములమ్మ లేచి నిలబడింది. జనమంతా తల తిప్పారు. ఆమె జోజి వైపు వేలు చూపించింది.

"ఈ గుంటడు మా ఇంటి తలుపు బాగుసేత్తానని వారమైంది బాబూ. ముందది సెయ్యమనండి."

గుడంతా గొల్లుమంది. ఆడవాళ్ళ వరసలోంచి అగ్నేసమ్మ వెనక్కి తిరగకుండానే అంది.

"కూకో పిన్నీ. సాయంత్రం మేస్త్రీని నానే తీసుకొత్తాను."