భుజం దిగని తూటా

ఆస్ట్రేలియాలోని క్వార్న్ రైల్వే ప్లాట్‌ఫారం మీద టీ కప్పు అందుకోబోతూ రాకెట్ ఇంజనీరు ట్రెమెయిన్ తూటా తగిలి కుప్పకూలాడు. ఎదుటి గోధుమ గోదాం కప్పు మీద ఖాళీ ఇత్తడి తూటా తొడుగు ఒకటి దొరికింది.

కర్నల్ బెక్విత్ దాన్ని బల్ల మీద దొర్లించాడు. "చెప్పు పెన్‌రోజ్."

ఏజెంట్ పెన్‌రోజ్ వెలుగుకేసి పట్టి చూశాడు. "అడుగున ముద్ర మన ఆర్మీ త్రీ-నాట్-త్రీది సర్. మూతిని అచ్చులో నొక్కి చిన్న టూ-ఫైవ్ సైజుకి దించారు. సీసపు గుండు ఇంట్లో పోతపోసింది. నక్కల్ని కొట్టే రైతులందరూ వాడేదే."

"నింద ఆ రైతుల మీద పడాలనే విదేశీ ముఠా ప్లాను. శనివారం ఆ ఊరి గుర్రప్పందేలకి మంత్రి వస్తున్నాడు, తర్వాతి గురి అతనే. అక్కడ మన మనిషి మార్గిట్ ఉంది. కోడ్ 'నక్కలు ఎక్కువయ్యాయి'. వెళ్లు."

కంగారూ వేటగాడి వేషంలో పెన్‌రోజ్ ఊరి చివరి షెడ్డులో అడుగుపెట్టాడు. సీసం మరుగుతున్న కుండ పక్కన పట్టు స్కార్ఫుతో మార్గిట్ నిలబడి ఉంది.

"నక్కలు ఎక్కువయ్యాయి."

"ఒకటి బోనులో పడిందిలే." ఆమె లిప్‌స్టిక్ అతని వైపు తిప్పింది. దాని కొనలో పిస్టల్ గొట్టం!

"కర్నల్ జీతం తింటూనా, దొంగముఖమా?"

"నోర్ముయ్. మా తూటాలు చేసేవాడు పారిపోయాడు. నీకు ఈ పని వచ్చు. మూడు చెయ్యి. మంత్రి చచ్చాక రైఫిల్ నీ చేతిలో దొరకాలి. అందాకా బతుకు."

పెన్‌రోజ్ తొడుగు మూతిని మంటలో కాచి, నూనె రాసి, అచ్చులోకి తోసి మీట నొక్కాడు. మందు, గుండు పెట్టి ఇచ్చాడు. మార్గిట్ దాన్ని ఇసుక బస్తాలోకి పేల్చింది. గురి తప్పలేదు. ఆమె తృప్తిగా సిగరెట్ వెలిగించుకునే లోపల అతను అచ్చుని పావు చుట్టు వెనక్కి తిప్పేశాడు. ఆ తర్వాత చేసిన రెండు తూటాల భుజాలు, అంటే మూతి కింది వాలు, పూర్తిగా దిగక వెంట్రుకవాసి ఎత్తుగా ఉండిపోయాయి. కంటికి తేడా తెలియదు. రైఫిల్‌కి తెలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం ఆమె అతని చేతులు ముందుకి కట్టేసి, పిస్టల్ వీపుకి ఆనించి పందేల మైదానం పక్కనున్న నీళ్ల ట్యాంకు ఎక్కించింది. కింద మంత్రి గెలిచినవాడికి బహుమతి కప్పు ఇవ్వడానికి లేచాడు. ఆమె పిస్టల్ పక్కన పెట్టి, రైఫిల్ ఎత్తి బోల్టు తోసింది. మూసుకోలేదు. అరచేత్తో కొట్టింది. ఆ తూటా ఊడబెరికి రెండోది పెట్టింది. అదీ అంతే!

"ఏం చేశావురా?"

జవాబుగా అతని బూటు ఆమె మోకాలికి తగిలింది. ఆమె పడిపోయింది, పిస్టల్ ట్యాంకు మీంచి కిందికి జారింది. అతను రైఫిల్‌ని తొక్కిపట్టాడు. పెనుగులాట చూసి పోలీసులు నిచ్చెన ఎక్కారు.

కింద మంత్రి ఆవలింత ఆపుకుంటూ మేయర్‌ని అడుగుతున్నాడు.

"మీ ఊళ్లో అసలు ఏమీ జరగదా?"