ఐసమ్మ షెల్టర్

కెనడాలోని రెజైనాలో పాత గోడౌన్ల ముందు ఒక బస్ షెల్టర్ ఉంది. మూడువైపులా అద్దాలు, లోపల ఓ ఇనప బెంచీ, అంతే. పగటిపూట దాన్ని చూస్తే చంటిపిల్లాడు కూడా జడుసుకోడు. కానీ చీకటి పడ్డాక మన తెలుగు పిల్లలెవరూ అక్కడ బస్సెక్కరు. తర్వాతి స్టాపుదాకా నడుచుకుంటూ పోతారు — మైనస్ ముప్పైలో, ముక్కులు ఊడిపోతున్నా సరే!

దానికో పేరు కూడా పెట్టారు. ఐసమ్మ షెల్టర్. సముద్రాలు దాటినా మనవాళ్లు అమ్మవార్లకి పేర్లు పెట్టడం మానరు కదా.

కొన్నేళ్ల కిందట కొత్తగా దిగిన ఒక తెలుగమ్మాయి పల్చటి జాకెట్ వేసుకుని ఆ బెంచీ మీద కూచుందట. బస్సు రాలేదు. చలికి ఫోన్ ఆగిపోయింది. అద్దాల నిండా మంచు పేరుకుని, లోపల మనిషున్నట్టు బయటికి కనపడలేదు. తెల్లారేసరికి... అంతే. ఆ పిల్ల పేరేంటి, ఏ ఊరు అని అడిగితే తలో మాట చెప్తారు. అటుగా పోయేవాళ్లని పిలుస్తుందని మాత్రం అందరూ ఒకే మాట మీద ఉన్నారు.

నాకీ సంగతి చెప్పినవాడు శేషగిరి. ధాత్రి అని ఒక పిల్ల అద్దెకున్న బేస్‌మెంట్‌కి పై వాటాలో ఉంటాడు. విన్నది విన్నట్టు చెప్తున్నాను, ఇందులో నేను కలిపిందేం లేదు.

ధాత్రిది కావలి. కాలేజీలో రెండో టర్మ్. పొద్దున క్లాసులు, ఆ తర్వాత సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ సెక్షన్ సర్దే పని. ఇంటికి వీడియో కాల్ చేస్తే నవ్వేది, "బానే ఉన్నా" అనేది. ఫోన్ పెట్టేశాక గోడకేసి చూస్తూ కూచునేది. ఏడుపు రాదు, ఆకలెయ్యదు, పండగొచ్చినా పరీక్షొచ్చినా ఒకటే. వేళ్లు మొద్దుబారితే గోరువెచ్చని నీళ్లలో పెట్టుకోవచ్చు. మనసు మొద్దుబారితే ఏం చేస్తారు?

ఆమెని పట్టించుకునే మనిషి ఒక్కతే — రూమ్మేట్ పద్మిని. వరంగల్ పిల్ల. ధాత్రి తినకపోతే కంచంలో పెట్టి చేతికిచ్చేది. మాట్లాడకపోతే పక్కన చేరి తనే వాగుతూ ఉండేది. "నువ్వు ఊఁ కొట్టకున్నా నేను చెప్తనే ఉంట," అనేది. ఈ పిల్ల కూడా లేకపోతే నా గతేంటి అని ధాత్రికి ఒక్కోసారి గుండె ఝల్లుమనేది. ఆమెలో మిగిలిన భయమల్లా అదొక్కటే.

ఒకరోజు పద్మినికి జ్వరం. ఆమె పనిచేసేదీ ఆ షాపులోనే. మధ్యలోనే వదిలేసి, 'ఇంటికి పోతున్న' అని మెసేజ్ పెట్టింది. ధాత్రి తన షిఫ్ట్ అయ్యేదాకా ఉండి బయటపడింది.

జనవరిలో అక్కడ టీ తాగే వేళకే చీకటి. రోడ్డు మీద పురుగు లేదు. బూట్ల కింద మంచు కరకరలాడుతోంది. షెల్టర్ దగ్గరికి రాగానే ధాత్రి టోపీ కిందికి లాక్కుని, అటువైపు చూడకుండా అడుగులేసింది.

దాన్ని దాటేసింది.

అప్పుడు... వెనకనుంచి —

"ధాత్రీ..."

కాళ్లు ఆగిపోయాయి. గొంతు ఆడదో మగదో తెలియనంత సన్నగా ఉంది. మంచు కొరికిన మాటలా, సగం గాలిలోనే పోయింది.

తిరిగి చూడాలా? అమ్మో! చీకట్లో వెనకనుంచి పిలిస్తే మూడోసారి దాకా పలక్కూడదని కావలిలోనూ తెలుసు, వరంగల్‌లోనూ తెలుసు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తారు. దెయ్యం రెండుతో ఆపేస్తుంది. ఈలోగా పలికామో, మన పని అయిపోయినట్టే.

ధాత్రి ఊపిరి బిగబట్టింది. ఎక్కడో దూరంగా గూడ్సు బండి కూత...

"అక్కా..."

ఈసారి దగ్గరగా. చెవి పక్కనే అన్నట్టు.

మూడోది రావాలి. ధాత్రి నిలబడే ఉంది. కనురెప్పల మీద తడి గడ్డకడుతోంది. రా, ఇంకోసారి పిలువు, పలుకుతా... అనుకుంటూ నిలబడింది.

రాలేదు.

ఇంక సందేహమేముంది? వెనక్కి తిరక్కుండా నడిచింది. పరిగెత్తలేదు కూడా. దెయ్యం పిలిస్తే ఎవరైనా పడుతూ లేస్తూ పరిగెడతారు. ఈ పిల్ల మాత్రం రోజూ నడిచినట్టే నడిచి, తర్వాతి స్టాపులో బస్సెక్కి ఇంటికొచ్చింది. అంతలా మొద్దుబారిపోయింది మరి.

బేస్‌మెంట్ మెట్లు దిగి లైటేసింది. గుమ్మం దగ్గర పట్టా మీద పద్మిని బూట్లు లేవు.

"పద్దూ?"

మంచం ఖాళీ. దుప్పటి పొద్దున మడిచింది మడిచినట్టే ఉంది. ఫోన్ చేస్తే స్విచాఫ్.

అప్పుడు తట్టింది ధాత్రికి. ఆ గొంతు... తన పేరు తెలిసిన గొంతు.

పై వాటా తలుపు పగిలిపోయేలా బాదింది. "శేషగిరన్నా... కారు... షెల్టర్‌లో... పద్మిని!" శేషగిరి చెప్పులతోనే కారెక్కాడు.

బెంచీ వెనక, నేలమీద, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఉంది పద్మిని. జ్వరంతో తర్వాతి స్టాపుదాకా నడవలేక, దెయ్యమూ లేదు గియ్యమూ లేదని అక్కడే బస్సు కోసం ఆగింది. గడ్డకట్టిన మంచు మీద జారి చీలమండ విరిగింది. అద్దాల మీది మంచుకి బస్సువాళ్లకీ కనపడలేదు, ఫోన్ చలికి చచ్చిపోయింది. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది, ఊపిరి మాత్రం ఆడుతోంది.

అంబులెన్సులో ధాత్రి ఏడ్చింది చూడండి... నెలల తరబడి ఎక్కడ దాచిందో అంతా ఒక్కసారే. పక్కనున్న పారామెడిక్, పేషెంటెవరో తెలియనట్టు, ఆమెకీ ఒక దుప్పటి కప్పాడట. ఇంకాస్త ఆలస్యమైతే పద్మిని దక్కేది కాదని డాక్టర్ చెప్పాక మళ్లీ ఏడ్చింది.

మర్నాడు పద్మిని కళ్లు తెరిచి, జావ తాగి, మనుషుల్లో పడింది. చేతులకి కట్లు. ధాత్రి మంచం పక్కనే కూచుని ఆ కట్ల వంక చూడలేకపోయింది.

"నన్ను తిట్టవే," అంది. "నువ్వు పిలిస్తే విని కూడా వెళ్లిపోయా. మూడోసారి పిలుస్తావేమోనని ఆగా. రెండుతో ఆపేశావు... దెయ్యమనుకున్నానే పద్దూ."

పద్మిని నవ్వబోయింది. పెదాలు పగిలి రక్తమొచ్చింది.

"రెండెక్కడివే? నీ అడుగుల చప్పుడు గుర్తుపట్టి, 'ధాత్రీ' అని ఒక్కసారి పిలిచిన. దాంతోనే దవడలు బిగుసుకపోయినయ్. మల్ల నోరు లేవలే."

"లేదులే, జ్వరంలో నీకు గుర్తులేదు. రెండోసారి కూడా విన్నా. 'అక్కా' అన్నావు."

పద్మిని మొహంలో నవ్వు పోయింది. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది —

"నేను నీకంటే పెద్దదాన్ని గదనే... నిన్ను అక్కా అని నేనెందుకంట?"