సంతోషం ఎరగని తాళం

"బలవంతం అనుమానం" అంటూ తాళం రెండోసారి కూడా తెరుచుకోలేదు. నూకరత్నం మణికట్టు మీది పట్టీ ఎర్రగా వెలిగింది.

మూడోసారి కూడా కాదంటే, జిల్లా రోగుల వివరాలన్నీ దాచిన మేఘకోశం రేపటిదాకా మూతపడుతుంది. తుపాను సాయంత్రానికే భీమిలి దగ్గర తీరం దాటబోతోంది. మంచం దిగలేని రోగులు ఏ ఇంట్లో ఉన్నారో ఆ కోశానికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకప్పుడు జనం జబ్బుల వివరాలు దొంగల పాలై అంగట్లో అమ్ముడుపోయాక, ప్రభుత్వం పాస్‌వర్డులను నమ్మడం మానేసి ఈ నాడీతాళం పెట్టింది. కోశపాలకురాలైన నూకరత్నం నాడి నిమ్మళంగా కొట్టుకుంటేనే అది తెరుచుకుంటుంది. ఎవరైనా మెడ మీద కత్తి పెడితే ఆమె గుండె దడే వాళ్లను పట్టిస్తుంది.

ఇవాళ కత్తీ లేదు, దొంగా లేడు. చేపలవేటకు వెళ్లి సముద్రంలో తప్పిపోయిన తమ్ముడు ఎల్లాజీ ప్రాణాలతో గోపాల్‌పూర్ ఒడ్డుకు చేరాడని ఇందాకే కబురొచ్చింది. నూకరత్నానికి కాలు నేలమీద నిలవడం లేదు.

వాకిట్లో అంబులెన్సులు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి.

"కాసిని మంచినీళ్లు తాగండి," అన్నాడు పర్యవేక్షకుడు అప్పలసూరి.

"తాగాను సార్. గుండె నా మాట ఇనడం లేదు."

"మరి ఈ వారమంతా ఎలా తెరిచారు? తమ్ముడు దొరకలేదని అన్నం కూడా ముట్టలేదు కదా."

నూకరత్నం ఉలిక్కిపడింది. నిజమే. ఏడ్చి ఏడ్చి రాయైపోయిన ఆ రోజుల్లో తాళం ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. మొద్దుబారిన నాడిని అది ప్రశాంతత అనుకుంది.

అంతలో ఫోన్ మోగింది. తెరమీద ఎల్లాజీ పేరు. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. కానీ ఆ గొంతు వింటే ఈ పూటకు గుండె అదుపులోకి రాదు. ప్రాణం ఉసూరుమంటున్నా ఫోన్ బోర్లించింది.

కళ్లు మూసుకుని, ఖాళీగా తిరిగొచ్చిన గాలింపు పడవలను తలుచుకుంది. తీగ మీద ఆరిపోయినా ఎవరూ తియ్యని వాడి చొక్కాను తలుచుకుంది. వాడు లేడు, ఇక రాడు అని తనకు తానే చెప్పుకుంది. మోగీ మోగీ ఫోన్ ఆగిపోయింది. అప్పుడు వేలు తాళం పలక మీద ఆనించింది.

"ప్రశాంతత నిర్ధారణ అయింది," అంది తాళం.

చిరునామాలు వెళ్లాయి. అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఫోన్ మళ్లీ మోగింది.

"ఏటే అక్కా, ఫోనెత్తవేటి?"

"కాసేపు నువ్వు లేవనుకోవాల్సొచ్చిందిరా," అని నూకరత్నం భోరుమంది.

పట్టీ మూడోసారి ఎర్రగా వెలిగేసరికి కాపలాగదిలో గంట మోగింది. తుపాకులతో పరుగెత్తుకొచ్చిన కాపలావాళ్లను అప్పలసూరి గుమ్మంలోనే ఆపాడు.

"ఎవరూ బలవంతపెట్టడం లేదు బాబూ. ఆవిడ్ని ఏడవనివ్వండి."