పోయొస్తాను మా

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ మీద గది. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. 2008లో గిరిప్రసాద్, నేను అక్కడే ఒక వీడియో గేమ్ తయారుచేశాం. ప్రోగ్రాం నాది, బొమ్మలు వాడివి. పుత్తూరు దగ్గరి వాళ్ళ ఇంటినే గేమ్‌లో పెట్టాడు. గోడల మీద సున్నం పెచ్చులు, దీపం గూట్లో మసి... తెర మీద చెయ్యి పెడితే వేలికి అంటుతుందేమో అనిపించేది. నడవలో కూర్చుని చాటలో బియ్యం ఏరే ఆవిడ వాళ్ళమ్మ నాగులమ్మే. ఆట ముగించాలంటే గడప దాటాలి. దాటగానే గిరి గొంతు "పోయొస్తాను మా" అంటుంది. ఇంట్లోంచి బయటికెళ్ళే ఎవరైనా అనే మాటే కదా.

ఏప్రిల్లో బెంగళూరు కంపెనీ ఒకదానికి సీడీ పంపాం. మే నెలలో నాగులమ్మ చక్కెర జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరింది. మా గది నుంచి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. వీడు మాత్రం, సీడీ పంపేశాక కూడా తృప్తి లేక, ఫొటోలు ముందేసుకుని తెర మీద ఆమె ముడతలు దిద్దుతూ కూర్చున్నాడు.

"మీయమ్మ అడగతా ఉండాదంట, పోరా."

"సాయంత్రం పోతాలే రఘూ. కండ్లకాడ నీడ కుదర్లే."

ఆ సాయంత్రం రానేలేదు. ఆమె పోయింది. వాడి మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

దినాలయిన మర్నాడు గుండుతో, దాని మీద మంగలి కత్తి గాటుతో గదికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. కిటికీలు మూసి గేమ్ తెరిచాడు. చాలాసేపు తల్లిని చూస్తూ కూర్చుని, చివరికి గడప దాటాడు.

"పోయొస్తాను మా."

చావు జరిగిన ఇంట్లోంచి చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి. వస్తానని అనకూడదు.

"ఆ మాట తీసేసి ఉండాల్సిందిరా..."

"మర్సిపోయినా రఘూ," గుసగుసగా అన్నాడు.

గేమ్ మూతపడలేదు. చాటలో చేతులు ఆగాయి. నాగులమ్మ తలెత్తింది... తలెత్తేలా నేను రాయలేదు. గదిలో ఎక్కడినుంచో ఫినాయిల్ వాసన.

"ఎప్పుడొస్తావు నాయనా?"

ఆమెకు మేం గొంతే పెట్టలేదు. స్పీకర్ల వైరు పీకేశాను. అయినా వినపడింది... "ఎప్పుడు?"

గిరి పెదవులు కదిలాయి. "సాయంత్రం మా."

దీపాలు పెట్టే వేళకు కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు.

గిరి దినాలు కూడా అయిపోయాక బెంగళూరు ఆయన ఫోన్ చేశాడు. "సీడీ ఇప్పుడే చూశానండీ! పెద్ద పెద్ద కంపెనీలకు కూడా ఇలాంటి గ్రాఫిక్స్ రావు." ఆ మెప్పు కోసమే తల్లిని వదులుకున్నవాడు బూడిదయ్యాక వచ్చింది ఫోను. "గడప మీద గుండు అబ్బాయి కూర్చున్నాడే... గుండు మీద కత్తి గాటు కూడా కనబడుతోంది."

ఆ సీడీ పంపిన రోజు గిరికి నిండా జుట్టు ఉంది.

"కానీ ఒకటే మాట అడుగుతున్నాడండీ. 'రఘు ఎప్పుడొస్తాడు' అని. రఘు ఎవరు?"

ఫోన్ పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది. గిరి దినాల రోజు భోజనం చేసి లేచి, వాళ్ళ నాయన తిరుమలయ్య చేతులు పట్టుకున్నాను. అన్నీ తెలిసి కూడా, అలవాటు కొద్దీ నోరు జారింది...

"పోయొస్తా నాయనా."